చౌమహల్లాలో పసుపు రంగు రోల్స్‌రాయిస్

హైదరాబాద్‌లో ఉన్న నిజాం కారును చూడటానికి బయల్దేరినవాణ్ని, ముందు శ్రీకాకుళం జామియా మసీదు దగ్గర ఆగాను. గోల్కొండ సుల్తానుల ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన మసీదు అది. గోల్కొండ పోయాక మొగలులు, వాళ్ల తర్వాత నిజాములు ఈ ఊళ్లో కూర్చునే శిస్తు వసూలు చేశారు. ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో చికాకోల్ సర్కారు అంటే మన శ్రీకాకుళమే. 1753లో నిజాం సలాబత్ జంగ్, తనను గద్దె మీద నిలబెట్టిన ఫ్రెంచి సేనాని బుస్సీకి ఉత్తర సర్కారులను ఒప్పజెప్పాడు. మరో నాలుగేళ్లకు, 1757 జనవరి 24న, అదే బుస్సీ విజయనగరం రాజు పక్షాన బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు తెచ్చాడు. నేను చూడబోయే కారు ఉన్న చౌమహల్లా ప్యాలెస్‌కు పునాది వేయించింది కూడా ఆ సలాబత్ జంగే. మన వైపు నుంచి ఆ ప్యాలెస్ చూడటానికి వెళ్లడమంటే పాత శిస్తు దారిలో ప్రయాణం చేయడమే.

మధ్యాహ్నం ఆర్టీసీ బస్సెక్కాను. ఎచ్చెర్ల, రణస్థలం, పైడిభీమవరం దాటాక నాతవలస దగ్గర హైవే వదిలేసి బస్సు విజయనగరం వైపు తిరిగింది. రోడ్డుకు రెండు పక్కలా తాటిచెట్లు, జీడితోటలు.

విజయనగరంలో గంటస్తంభం దాటి కోట దాకా నడిచాను. 1713లో మొదలైన ఈ కోటలో ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి. పి.వి.జి. రాజుగారు 1958లో తండ్రి అలక నారాయణ గజపతి పేరిట మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటను చదువులకు అప్పగించారు. నేను వెళ్లేసరికి సాయంత్రం క్లాసులు వదిలారు. సైకిళ్లు, స్కూటీలు కోట గుమ్మంలోంచి బారులు తీరి బయటికొస్తున్నాయి. రాజుల ఆస్తికి ఇంతకంటే మంచి వారసులు ఉండరనిపించింది.

కానీ ఆ రాజుల బండ్ల మాటేమిటి? మన వైపు విజయనగరం, బొబ్బిలి మొదలుకొని చిన్నాపెద్దా సంస్థానాలు చాలానే ఉండేవి. బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావుగారు 1930లలో మద్రాసు ప్రెసిడెన్సీకి ఫస్ట్ మినిస్టర్‌గా చేశారు. అలాంటి ఇళ్లలో కారు అవసరం, హోదా రెండూనూ. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. జమీందార్లకు శిస్తు ఆగింది. నిజాంలా రాజభరణం అందుకునే హక్కు వీళ్లకు లేదు. ఎస్టేటు ఆదాయం పోయాక పది మైళ్లకో గాలన్ పెట్రోలు తాగే బండిని పోషించడం ఎవరికైనా బరువే. అలాంటి కారు ఒకసారి గడప దాటితే, ఎవరు కొన్నారో, వాళ్ల దగ్గర్నుంచి ఎవరి చేతికి పోయిందో ఆచూకీ తీయడం చాలా కష్టం.

రైలుకు ఇంకా టైముంది. కోటకు కొంచెం దూరంలో ఓ లేత్ షెడ్డు ముందు పాత అంబాసిడర్ బానెట్ ఎత్తి ఉంటే ఆగాను. లోపల అరవై దాటిన మేస్త్రీ ఒకాయన ఇత్తడి కడ్డీని లేత్‌కు బిగించి బుష్ తిప్పుతున్నాడు. కత్తి మొన దగ్గర పచ్చటి రజను సన్నగా చుట్టలు చుట్టుకుని కింద పడుతోంది. రెండు నిమిషాలకోసారి మిషను ఆపి, కాలిపర్లు పెట్టి కొలిచి, పక్కనున్న అరిగిపోయిన పాత బుష్‌తో సరిచూసుకుంటున్నాడు.

“ఈ బండి సామాను ఇప్పుడు దొరుకుతుందా మేస్త్రీగారూ?” అని అడిగాను.

“దొరకదండి బాబూ. అచ్చు కంపెనీ సామానే కావాలంటే ఎక్కడుంటాది? పాతదాని కొలత ఉంటే సాలు, మనవే సేసుకోవాల. కొలత పోయిందంటే మాత్రం ఎవడూ సెయ్యలేడు,” అన్నాడు తలెత్తకుండానే.

రాత్రి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. హౌరా నుంచి ఒడిశా మీదుగా మన స్టేషన్లలో ఆగుతూ సికింద్రాబాద్ వెళ్లే ఆ రైలుకు నిజాం ప్యాలెస్ పేరే పెట్టారు. విజయనగరం నుంచి సికింద్రాబాద్‌కు ఏడువందల కిలోమీటర్ల పైమాటే. గోదావరి వంతెన నిద్రలోనే దాటిపోయింది. తెల్లారేసరికి నల్లగొండ వైపు రాళ్లగుట్టలు, పత్తిచేలు కనిపించాయి.

పాతబస్తీలో చార్మినార్ దగ్గర దిగి లాడ్ బజారులోంచి నడిచాను. గాజుల కొట్లు అప్పుడే తెరుస్తున్నారు. కాసేపటికి ఖిల్వత్ గడియారం, దాని పక్కనే చౌమహల్లా ప్యాలెస్ గేటు వచ్చాయి. సలాబత్ జంగ్ 1750లో మొదలుపెట్టిన కట్టడం ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలందాకా సాగింది. దర్బారు హాల్లో వేలాడే 19 బెల్జియం షాండ్లియర్లను చూసి అందరూ అక్కడే ఆగిపోతున్నారు. నేను కార్లున్న వైపుకు నడిచాను.

బ్యూయిక్, ప్యాకార్డ్ లాంటి పాత పెద్ద బండ్ల మధ్య ఆ పసుపు రంగు దూరం నుంచే పట్టేస్తుంది. అది 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్. మామూలు కారుకంటే కప్పు బాగా ఎత్తు. చుట్టూ పెద్ద పెద్ద అద్దాలు, లోపల కూర్చున్నవాణ్ని ఊరంతా చూడాలనే ఏర్పాటు. వెనక సీటు ఉండాల్సిన చోట ఒక్క సింహాసనం ఉంది. మిగతా సీట్లన్నీ దానికంటే కింద. వెంట వచ్చేవాళ్లెవరూ నిజాంకు సమానమైన ఎత్తులో కూర్చోకూడదు. దర్బారులో పాటించే మర్యాద మొత్తం చక్రాల మీదికి ఎక్కించారు. ఇంకాస్త వంగి లోపలికి తొంగిచూడబోతే అక్కడి కాపలా ఆయన, “జర దూరం ఉండుండ్రి సార్, చెయ్యి తగుల్తది,” అన్నాడు. ఆయన మాటలో ఆ బండి మీద సొంత మనిషికుండే శ్రద్ధ వినిపించింది.

ఈ కారును 1911లో ఆర్డరు చేసింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ కంపెనీ ఇంజిను, చాసీ మాత్రమే తయారుచేసేది. పైన బాడీ ఎలా ఉండాలో కొనేవాడు చెప్పుకుని వేరే వాళ్లతో కట్టించుకోవాలి. ఈ సింహాసనం బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. గుర్రపు బగ్గీల కాలంనుంచీ పేరున్నవాళ్లు. కారు పూర్తి కాకముందే, 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూశాడు. ఆశపడి ఆర్డరిచ్చిన మనిషి అందులో ఒక్కసారి కూడా కూర్చోలేదు. బండి ఆయన కొడుకు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చింది.

1937లో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసిన ఆ ఉస్మాన్ అలీ ఖాన్ సొంతానికి మాత్రం పొదుపు మనిషి. సింహాసనం కారును పెద్ద ఊరేగింపులకే బయటికి తీసేవారు. అది తన జీవితకాలంలో 400 మైళ్లు కూడా తిరగలేదని చెబుతారు. అంటే విజయనగరం నుంచి సికింద్రాబాద్‌కు ఒక్క రాత్రిలో నా రైలు నడిచినంత దూరం కూడా లేదు. 1967లో ఆయన పోయాక ఆస్తి మనవడు ముకర్రం జాకు వచ్చింది. ముకర్రం జాకు యంత్రాలంటే ప్రాణం. ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొనుక్కుని స్వయంగా బుల్‌డోజర్లు నడిపాడు. ఇక్కడేమో వారసుల దావాలు పెరిగాయి, భవనాలు పాడుబడ్డాయి, షెడ్లలో బండ్లు తుప్పుపట్టాయి. చివరికి ఆయన మొదటి భార్య, టర్కీ దేశస్థురాలు ప్రిన్సెస్ ఎస్రా పూనుకుని ప్యాలెస్‌ను బాగుచేయించింది. 2005లో చౌమహల్లాను ప్రజలకు తెరిచారు. 2010లో యునెస్కో అవార్డు వచ్చింది. బండ్లకూ మళ్లీ జీవం పోశారు.

నిలబెట్టేసిన బండిని లేపడం ఎంత కష్టమో అంబాసిడర్ నడిపినవాళ్లకు తెలుసు. సిల్వర్ ఘోస్ట్ ఇంజినుకు ఆరు సిలిండర్లు, మూడేసి చొప్పున రెండు దిమ్మలుగా ఉంటాయి. సామర్థ్యం ఏడు లీటర్ల పైనే. 1907లో ఈ మోడల్ కారొకటి ఇంజిను చెడిపోకుండా 14,371 మైళ్లు తిరిగాకే రోల్స్‌రాయిస్ పేరు లోకమంతా పాకింది. అంత గట్టి ఇంజిను కూడా తిరగకుండా ఉంటే పాడవుతుంది. రింగులు సిలిండర్లకు పట్టేస్తాయి. పెట్రోలు జిగురై కార్బురేటర్ సన్న రంధ్రాలు మూసుకుపోతాయి. మాగ్నెటో తీగచుట్లు చెమ్మకు చెడతాయి. బాడీ లోపలి కర్ర చట్రానికి చెద పడుతుంది. బేరింగుల్లో తెల్లలోహం మళ్లీ పోసి గీకి కూర్చోబెట్టాలి. 1906 నుంచి 1926 వరకు ఇంగ్లండులోను, అమెరికాలోను కలిపి ఈ మోడల్ కార్లు 7,874 తయారయ్యాయి. అందువల్ల దీని ఇంజినుకు కొలతలు దొరుకుతాయి. సింహాసనం బాడీ మాత్రం ఒక్క మనిషి కోసం ఒక్కసారి కట్టినది. దానికి కొలత అదే. ఆ కారు అమ్ముడుపోకుండా ఒక్క ఇంట్లోనే ఉండిపోయింది కాబట్టి అద్దాలు, చెక్క, సీట్ల వరస చెల్లాచెదురు కాలేదు. కొలత ఉంటే చాలన్న మేస్త్రీ మాట ఎంత నిజమో అక్కడ నిలబడి చూస్తే పూర్తిగా అర్థమైంది.

అందుకే ఉత్తరాంధ్ర గురించి బెంగ పట్టుకుంది. మన సంస్థానాల చరిత్ర బొబ్బిలి యుద్ధం దగ్గరే ఆగిపోలేదు. 1919లో విజయనగరం రాజులు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రిన్సిపాల్‌ను చేశారు. ఆ కాలమే మోటారు కార్ల కాలం కూడా. ఏ రాజు ఏ బండి తెప్పించాడు, దాన్ని ఎవరు తోలారు, చెడితే ఎవరు బాగుచేశారు, ఎస్టేటు పోయాక ఎవరు కొన్నారు, ఇవన్నీ కూడా మన చరిత్రే. ఆ డ్రైవర్ల, మేస్త్రీల మనవలు ఇప్పటికీ ఈ ఊళ్లలో ఉన్నారు.

చట్టం కూడా ఇప్పుడు దారి చూపిస్తోంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కార్లను, మోటారు సైకిళ్లను వింటేజ్ వాహనాలుగా రిజిస్టరు చేయించుకోవచ్చు. నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి. కొత్తగా చేయిస్తే రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. బండి అసలు రూపం పెద్దగా మార్చకూడదు. రోజువారీ తిరుగుడుకు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు తిప్పుకోవచ్చు. పాకలో టార్పాలిన్ కింద ఉన్న పాత బండిని తుక్కుకు అమ్మేయాల్సిన పని లేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎవరింట్లోనైనా పాత కారు ఉంటే, కారు లేకపోయినా దాని ఆర్‌సీ పుస్తకం, అమ్మకం కాగితం, డ్రైవరు పక్కన నిలబడి ఉన్న ఓ ఫొటో ఉంటే పారేయకండి. పాత కొనుగోలుదారు పేరు, ఊరు, సంవత్సరం ఒక కాగితం మీద రాసి దానికి జతచేయండి. విజయనగరం కోటలో చదువుకునే పిల్లల్లో చరిత్ర విద్యార్థులున్నారు. వాళ్లకు ఆ కాగితాలు చూపించండి, మేస్త్రీల షెడ్లకు తీసుకెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడించండి. నిజాం కారు కథ మనకు పూర్తిగా తెలుస్తోందంటే, ఆర్డరు నుంచి మరమ్మతు దాకా దాని జాడ ఎక్కడా తెగకపోవడమే కారణం. మన బండ్ల జాడ చాలాచోట్ల తెగింది గాని, ముక్కలు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చగలిగే తరం మనదే.