ముందు ఏది చూడమనాలి

అక్టోబరు 1
గుళ్లో స్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడే రోజులు. తెల్లారకముందే అరసవల్లి వీధులన్నీ జనం. ఇంటినిండా చుట్టాలు. విశాఖలో చదువుతున్న మేనకోడలు దర్శనం నుంచి వస్తూనే అడిగింది: "మావయ్యా, నువ్వు చూసిన డాక్యుమెంటరీల్లో మనసుని కుదిపేసినవి రాసివ్వు." ఏవి బాగుంటాయో చెప్పడం కష్టం కాదు. పంతొమ్మిదేళ్ల పిల్లకి ఏది ముందు చూపించాలన్నదే ఆలోచన.

అక్టోబరు 2
మొదటిది తేలింది. దీపా భాటియా తీసిన 'నీరోస్ గెస్ట్స్' (2009). విదర్భ పత్తి రైతుల ఆత్మహత్యల వెంట తిరిగిన జర్నలిస్టు పాలగుమ్మి సాయినాథ్ గురించి. నీరో చక్రవర్తి తోటలో విందు పెట్టి, వెలుగు కోసం ఖైదీల్ని తగలబెట్టించాడని ఒక పాత కథ. సాయినాథ్ నిలదీసేది నీరోని కాదు, ఆ వెలుగులో కూర్చుని తిన్న అతిథుల్ని. ఇది చూశాక అన్నం ముందు కూర్చుంటే ఆ ప్రశ్న మనదాకా వస్తుంది. రావాలి కూడా.

అక్టోబరు 5
జాషువా ఓపెన్‌హైమర్‌వి రెండున్నాయి. ఇండోనేషియాలో 1965-66లో కమ్యూనిస్టులన్న ముద్ర వేసి లక్షలమందిని చంపారు. 'ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్' (2012)లో ఆ హంతకులే తమ హత్యల్ని కెమెరా ముందు నటించి చూపిస్తారు. గొప్ప సినిమా, అయినా పిల్లకి మొదట అది వద్దు. చంపినవాడి మాటలతో మొదలుపెడితే చచ్చిపోయినవాళ్లు లెక్కలోకి రారు. 'ది లుక్ ఆఫ్ సైలెన్స్' (2014) ముందు చూడాలి. అందులో ఆది అనే కళ్లజోళ్లాయన, తన అన్నని చంపినవాళ్ల ఇళ్లకే వెళ్లి, వాళ్ల కళ్లకి అద్దాలు మార్చి మార్చి పరీక్ష చేస్తూ, ఆనాడేం చేశారో అడుగుతాడు. అరవడు. సినిమా చివర పేర్లు పడేటప్పుడు చూడమ్మా అని రాశాను: పనిచేసిన స్థానికుల్లో ఎందరికో పేరుండాల్సిన చోట 'అజ్ఞాత' అనే ఉంటుంది. యాభై ఏళ్లయినా భయం పోలేదు.

అక్టోబరు 8
కవిటి వెళ్లొచ్చాను. చుట్టాలాయన డయాలిసిస్ మీద ఉన్నాడు. కొబ్బరితోటల మధ్య పచ్చటి ఊరు, ఇంటింటా మందుల సంచి. "నీళ్లే అంటారు, మట్టంటారు, మందులంటారు. ఏటని నమ్మాల బాబూ?" అంది వాళ్లావిడ. కవిటి ఉన్న ఈ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుకి ఇదీ కారణమని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. వంశధార నీళ్లు పైపుల్లో ఇస్తున్నారు.

దారంతా శ్రీప్రకాశ్ తీసిన 'బుద్ధా వీప్స్ ఇన్ జాదూగోడా' (1999) గుర్తొస్తూనే ఉంది. జార్ఖండ్ యురేనియం గనుల పక్కన ఆదివాసీ పిల్లల అవిటితనం. అక్కడ కెమెరా చూపించడానికి ఒక గని ఉంది, వ్యర్థాల చెరువుంది. ఉద్దానంలో వేలు దేనివైపు చూపించాలి? నిందితుడు దొరకని బాధని సినిమాగా తీయాలంటే ఏళ్లతరబడి ఆ ఇళ్లలోనే ఉండాలి. టీవీవాళ్లు మూడు నిమిషాల్లో ఏడుపు తీసుకుని వెళ్లిపోతే ఆ ఇల్లాలి ప్రశ్న మిగిలిపోతుంది. జాదూగోడా చూశాక కవిటి రమ్మని మేనకోడలికి రాశాను.

అక్టోబరు 9
హైదరాబాదులో పుట్టిన దీపా ధన్‌రాజ్ సినిమాలు రెండు చేర్చాను. 1984 నాటి హైదరాబాదు మతకల్లోలాల మీద తీసిన 'క్యా హువా ఇస్ షహర్ కో' (1986) చాలా పాతది. అయినా అందులో నాయకులు మాట్లాడే తీరు నిన్నటిదిలా ఉంటుంది. రెండోది 'వి హావ్ నాట్ కమ్ హియర్ టు డై' (2018). 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల చనిపోయాక లేచిన విద్యార్థి ఉద్యమం గురించి. ఇది ఒక్కదానివీ గదిలో తలుపేసుకుని చూడకు, హాస్టల్లో నలుగురూ కూర్చుని చూడండి, అయ్యాక ఆ రాత్రి మాట్లాడుకోండి అని రాశాను. తన వయసు పిల్లలే అందులో గొంతెత్తి మాట్లాడతారు. ఎవరూ జాలి అడగరు. అందుకే నా జాబితాలో సాయినాథ్ తరవాత రెండో స్థానం దానికే ఇచ్చాను. 'ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్' మాత్రం ఈ ఏడాదికి కొట్టేశాను.