విదేశవాసము: ఒక గృహిణి విచారణ

పండుగ దినములలో దూరప్రయాణమును గూర్చి నిశ్చయము చేయరాదని మా యత్తగారు చెప్పుచుందురు. ఇల్లు నిండుగా నున్నపుడు మనస్సు ఉండుమనును. చుట్టములు వెడలిన మరునాడు పొమ్మనును. అందుచేత అమెరికా ప్రసంగమును 2025వ సంవత్సరపు దసరా గడచువఱకు వాయిదా వేసితిమి. ఇప్పుడు జమ్మి బంగారము దేవుని పీఠముమీద వాడియున్నది. సద్దుల బతుకమ్మకు వచ్చిన ఆడుబిడ్డలు వెళ్లిపోయిరి. ఇక నాలోచింపక తప్పదు.

మా వారు కంప్యూటరు ఇంజనీరు. నేను ఉపాధ్యాయినిని. మా యమ్మాయికి తొమ్మిదేండ్లు. మా వారిని అమెరికాకు పంపు యోచన వారి కంపెనీలో చిరకాలముగా నున్నది.

మా వరంగల్లునకు విదేశము క్రొత్త గాదు. 1959లో నెహ్రూ పండితుడు ఇచ్చట ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేసెను. అందు చదివినవా రెందఱో సముద్రము దాటిరి. అయితే ఆ దేశపు తలుపు ఎల్లప్పుడును తెఱచియుండలేదు. భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని 1923లో అచ్చటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1946 నాటి చట్టము అర్హత నొసగినను, ఏటికి నూర్గురికి మాత్రమే చోటిచ్చెను. 1965లో మఱియొక చట్టము వచ్చిన పిదపగాని మనవారికి దారి విశాలము కాలేదు.

మొన్న పెద్దల అమావాస్యనాడు, మేము ఎంగిలిపూల బతుకమ్మను పేర్చు దినముననే, ఆ తలుపునకు క్రొత్త గడియ పడెను. హెచ్-1బి వీసాకై విదేశమునుండి క్రొత్తగా రప్పించుకొను ఉద్యోగి కొక్కనికి లక్ష డాలర్లు, అనగా దాదాపు 88 లక్షల రూపాయలు, యజమాని చెల్లింపవలెనని యుత్తరువు. సెప్టెంబరు 19న సంతకము, 21న అమలు! ఇదివఱకే వీసా కలవారికి ఇది వర్తింపదని తెలియులోపల, సెలవులకు వచ్చినవారు పండుగను విడిచి విమానములకై పరుగులిడిరి. ఉత్తరువునకు గడువు ఏడాది గావున వేచియుందమని మా వారనిరి.

నాకును మొదట కోపమే వచ్చినది. పిదప మన చరిత్ర జ్ఞప్తికి వచ్చెను. 1952లో ఈ వరంగల్లులోనే విద్యార్థులు ముల్కీ యుద్యమమును లేవనెత్తిరి. ఇచ్చటి కొలువులు ఇచ్చటివారికే కావలెనని వారి కోరిక. ఆ సెప్టెంబరులో హైదరాబాదున పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. నీళ్లు, నిధులు, నియామకములు అనుచు పోరాడియే 2014 జూన్ 2న రాష్ట్రమును సాధించుకొంటిమి. మన బిడ్డలకై మన మడిగిన మాటనే పరదేశపు తల్లి తన బిడ్డకై యడిగినచో తప్పని యెట్లనగలము? తలుపు ఎంత తెఱవవలెనో నిర్ణయించు హక్కు ఇంటివారిదే. కాని పిలిచి పని చేయించుకొని, పన్నులు గైకొని, రాత్రికి రాత్రి నియమము మార్చుట మర్యాద గాదు. ఈ రెండు మాటలును సత్యములే యని నా యభిప్రాయము.

సోదరీమణులారా, పత్రికలలో లక్ష డాలర్ల మాటయే గాని, భార్య మాట వినబడదు. భర్త వెంట పోవు స్త్రీకి దొరకునది హెచ్-4 వీసా. దానిపై ఉద్యోగము చేయుటకు 2015 వఱకు అనుమతియే లేదు. ఆ యేడు వచ్చిన నియమము సైతము, భర్త శాశ్వతనివాసపు దరఖాస్తు కొంత మెట్టు దాటిన పిదపనే భార్యకు పని చేయు వీలు కల్పించినది. ఆ గ్రీన్ కార్డులలో ఏ యొక్క దేశమువారికిని నూటికి ఏడింటికంటె నెక్కువ దక్కవను పరిమితి కలదు. జనము ఎక్కువగా నున్న మన వరుస దశాబ్దముల తరబడి సాగును. బిడ్డకు ఇరువదియొకటవ యేడు నిండునప్పటికి కార్డు రానిచో, తండ్రి వీసా నీడ ఆ బిడ్డకు తొలగిపోవును.

నా జీతము పెద్దది కాదు. కాని ప్రతి నెల మొదటి తేదీన అది నా పేర వచ్చును. తరగతిలో నలువదిమంది పిల్లలు నన్ను టీచరని పిలుతురు. అచ్చట నేనెవరను? డాలసులోను, న్యూజెర్సీలోను వేలకొలది స్త్రీలు బతుకమ్మ ఆడుదురు. పాటకు కొదువ లేదు. ఏడాదిలో తొమ్మిది దినములు పోగా మిగిలిన దినముల సంగతియే నా ప్రశ్న.

మా వారితో నిట్లంటిని: “దారి తెఱచుకొన్నచో మీరు పోయి రెండేండ్లు చూడుడు. నాకు అచ్చట పని చేయు హక్కు వచ్చువఱకు నేను రాజీనామా ఇయ్యను. ఈ యింటిని తాకట్టు పెట్టను. అత్తయ్యగారిని ఒంటరిగా విడువను.” ఆయన రెండు దినములు మాటలాడలేదు. మూడవనాడు లెక్కల పుస్తకము తెచ్చి నా యెదుట గూర్చుండి, ఇద్దఱము కలసి వ్రాయుదమనిరి.

ప్రయాణము మంచిదా చెడ్డదా యని నేను తీర్పు చెప్పజాలను. అయితే పెట్టె సర్దుటకు ముందు ప్రతి గృహిణియు అడుగదగిన ప్రశ్నలు మూడు కలవు: ఆ దేశపు కాగితములలో నా స్థానమేమి? నా చేతికి పని యేమి? బిడ్డ పెరిగిన పిదప దాని గతి యేమి? వీనికి జవాబు దొరకిన దినమున పోవుటయైనను, ఉండుటయైనను మన యిష్టముచేతనే జరుగును.