పప్పుగుత్తితో తిరిగే ఫ్యాను

సంక్రాంతికి రెండ్రోజుల ముందు మండపేటలో దిగాను. ఇంట్లో అడుగుపెట్టేసరికి వంటిల్లంతా పొగ. అమ్మ అరిసెలు వేస్తూ ఒకటే దగ్గు. కాజాల తాపేశ్వరం పక్కనే ఉంది, కొనుక్కోవచ్చు కదమ్మా అంటే ఏనాడూ వినదు.

"ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యొచ్చుగా?"

"వేశానురా. పొడవాలి."

నాకేం అర్థం కాలేదు. అమ్మ ముక్కాలిపీట ఎక్కి పప్పుగుత్తి కాడతో రెక్కని ఒక్క పోటు పొడిచింది. అప్పటిదాకా గుంయ్‌మంటూ కదలకుండా ఉన్న ఫ్యాను తిరగడం మొదలెట్టింది.

"ఇటు నుంచి అటే పొడవాలి. అటు నుంచి ఇటు పొడిస్తే పొగంతా మన మీదకే కొడుద్ది" అంది, పాకం కిటుకు చెప్పినంత మామూలుగా.

నేను చదివింది ఈఈఈ, చేసేది సాఫ్ట్‌వేర్. సింగిల్ ఫేజ్ మోటారు తనంతట తాను ఎందుకు కదలదో పరీక్షలో పేజీల కొద్దీ రాశాను. రెండు అయస్కాంత క్షేత్రాలు ఎదురెదురు దిక్కులకి సమానంగా లాగుతాయి, అందుకే ఆగిపోతుంది, ఎటు తోస్తే అటు తిరుగుతుంది. ఆ మొదటి తోపు ఇవ్వడానికే కెపాసిటర్. మార్కులొచ్చాయి, మర్చిపోయాను. అమ్మ అదే సంగతి పప్పుగుత్తితో కనిపెట్టింది.

నవ్వొచ్చింది. పీట పక్కనే మూకుట్లో కాగుతున్న నూనె చూశాక నవ్వు పోయింది.

"ఎన్నాళ్లయింది ఇలా?"

"వినాయక చవితి నుంచి."

నాలుగు నెలలు! రోజూ వీడియో కాల్ మాట్లాడుతూనే ఉన్నాం.

పొయ్యి కట్టేశాక ప్లగ్ పీకి ఫ్యాను దింపాను. గుంయ్‌మంటూ తిరగని ఫ్యానుకి మామూలుగా ఉండే జబ్బులు రెండు. ఇరుసు బిగుసుకుపోవడం, లేదా కెపాసిటర్ పోవడం. రెక్కని చేత్తో తిప్పి చూడాలి. తేలిగ్గా తిరిగితే ముందు కెపాసిటర్‌నే అనుమానించాలి. మాది బంకలో తిప్పినట్టు తిరిగింది. మధ్యలో ఎప్పుడో అమ్మ బుష్‌లో కొబ్బరినూనె పోసిందట! అదీ వంటింటి జిడ్డూ కలిసి గడ్డకట్టాయి. రెక్కలు వేడి సబ్బునీళ్లతో కడిగి, ఇరుసు తుడిచి, రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేశాను. చేత్తో తిప్పితే హాయిగా తిరిగింది. స్విచ్ వేస్తే మళ్లీ గుంయ్. అంటే రెండు జబ్బులూ ఉన్నాయన్నమాట. అలా గుంయ్‌మంటూ వదిలేస్తే వైండింగ్ కాలిపోతుంది, ఇన్నాళ్లు బతకడమే ఎక్కువ.

పాత కెపాసిటర్ పట్టుకుని బజార్లో షాపుకెళ్లాను.

"కొంచెం పెద్దది వేస్తే స్పీడు పెరుగుద్దేమో కదండీ?" ఇంజినీర్ని కదా, అడిగాను.

"ఆయ్, వైండింగు కూడా మాడుద్దండి. దీని మీద 2.5 అని ఉంది కదా, అదే వెయ్యండి."

వైర్లు బిగించాను. స్విచ్ వెయ్యగానే తిరిగింది. గొప్పగా ఇంట్లో అందర్నీ పిలిచాను. అమ్మ ఏమీ అనకుండా క్యాలెండర్ కాగితం ముక్క చింపి ఫ్యాను దగ్గర పెట్టింది. జాలీకి అతుక్కోవాల్సిన కాగితం ఎగిరొచ్చి నా మొహాన పడింది. సప్లై వైరు కెపాసిటర్‌కి అటు చివర కలపాల్సింది ఇటు చివర కలిపాను. అందుకే ఎదురు తిరిగింది. నాన్న పేపర్ అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. మళ్లీ ప్లగ్ పీకి, కెపాసిటర్ కొనలు చేతికి తగలకుండా (కరెంటు తీసేశాక కూడా అందులో కొంత ఛార్జ్ మిగులుతుంది) వైరు మార్చాను. ఈసారి కాగితం అతుక్కుంది.

రాత్రి భోజనాల దగ్గర అడిగాను. "ఇంకేమైనా పాడయ్యాయా? దాచకుండా చెప్పు."

"ఏం లేవురా. నువ్వు ఆఫీసు పనిలో ఉంటావు, ఇవన్నీ నీకెందుకు?"

"అమ్మా."

కాసేపు ఆలోచించింది. "మిక్సీ మూత సరిగ్గా పట్టదు. హాల్లో లైటు అప్పుడప్పుడూ ఆరిపోద్ది. గీజర్ వేసినప్పుడు కుళాయి ముట్టుకుంటే కొంచెం జివ్వుమంటది, అంతే. చెప్పులేసుకుని తిప్పుతున్నాంలే."

అన్నం కంచం వదిలేసి లేచి గీజర్ స్విచ్ కట్టేశాను. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తుంటే వెనక నుంచి అమ్మ, "పండగపూట ఆయన్నెందుకురా ఇబ్బంది పెట్టడం" అంటూనే ఉంది.