మూడు మీద ఒకటి!

సెప్టెంబరు మధ్యలో వాయవ్యపు గాలి తిరిగిందంటే పెన్సిల్వేనియాలో తెలిసినవాళ్లంతా వలసపోయే డేగల్ని చూడ్డానికి హాక్ మౌంటెన్ ఎక్కేవాళ్లు. పైన కూర్చోడానికి ఉన్నవి బండలే, అందుకని అందరి చంకల్లో దిండ్లు, చేతుల్లో ఫ్లాస్కులు. ఎదుటి కొండవరస గూనులకు నంబర్లుండేవి. "మూడు మీద ఒకటి!" అని ఎవరో అరిస్తే దుర్భిణులన్నీ అటు తిరిగేవి. నన్ను తీసుకెళ్లిన పెద్దాయన, పక్షి నలుసంత ఉండగానే రెక్క వాటం చూసి పేరు చెప్పేసేవాడు. ఆయన తరంవాళ్లు ఇప్పుడు ఆ బండల మీద లేరు.

ఒకప్పుడు అదే శిఖరం నుంచి డేగల్ని గురిపెట్టి కాల్చేవారు. 1929 నుంచి గోషాక్ అనే డేగను చంపి తెస్తే రాష్ట్రమే ఐదు డాలర్లిచ్చేది. డేగల మీద ఆ కోపం నాకు మరీ పరాయిదేమీ కాదు. పెరట్లో గద్ద నీడ పడితే మా నాయనమ్మా చీపురు పట్టుకునే బయటికొచ్చేది, కోడిపిల్లల కోసం.

1934లో పక్షుల సంరక్షణ కోసం పోరాడే రోజలీ ఎడ్జ్ ఆ కొండను కౌలుకు తీసుకుని మారిస్ బ్రౌన్‌ని కాపలా పెట్టింది. ఆయన భార్య ఇర్మా దారి మొగలో నిలబడి తుపాకులవాళ్లను వెనక్కి పంపేది. పైన ఆయన లెక్క రాసేవాడు. తొలి సీజన్లోనే పదివేల పైచిలుకు పక్షులు. యుద్ధంలో ఆయన నేవీకి వెళ్లిన 1943–45 పేజీలు మాత్రం ఖాళీ.

బాల్డ్ ఈగిల్ పిల్లకు నాలుగైదేళ్లదాకా తల తెల్లబడదు, ఒళ్లంతా గోధుమరంగే. కాబట్టి ఎగురుతుండగానే వయసు తెలిసిపోతుంది. బ్రౌన్ లెక్కలో 1935–39లో నూటికి నలభై పిల్లలే. 1957లో ముప్పైరెండు పెద్దవాటికి ఒక్కటంటే ఒక్క పిల్ల. ఆ చిట్టాయే రేచల్ కార్సన్ 1962లో, పురుగుమందుల మీద రాసిన 'సైలెంట్ స్ప్రింగ్' పుస్తకంలో పెట్టింది. ఆమెకంటే ముందు, ఎవరికి పనికొస్తుందో తెలియకుండానే చలిలో కూర్చుని గీతలు గీసినవాళ్లంటేనే నాకు ఎక్కువ ఇష్టం.

పిల్లలు లేకుండా చేసిన పురుగుమందు డి.డి.టి.ని 1972లో అమెరికాలో నిషేధించాక ఈగిల్స్ తేరుకున్నాయి. తగ్గిపోయింది కెస్ట్రెల్. ఇటుకరంగు వీపు, చెంపల మీద రెండు నల్లచారలు, గుప్పెడంత డేగ. అప్పట్లో అది వస్తే ఎవరూ అరిచేవారు కాదు, ఊరికే ఒక గీత గీసేవాళ్లు. ఎందుకు తగ్గిందో ఇంకా తేలలేదు. పొలాల మందులా, గూటికి తొర్రలు దొరక్కా, మరేదన్నానా అని వెతుకుతూనే ఉన్నారు.