మా బండి దాహము

నీరు కారుట యనునది ఆడువారి కంటికే ముందుగా కానవచ్చును. కుండకు చెమ్మ పట్టినను, కొళాయి మూతి వదులైనను మొదట నెరుగునది గృహిణియే. కావున మా కారు రేడియేటరు కారుచున్న సంగతి మా యింటివారికంటె ముందుగా మాకు తెలిసెననిన వింత లేదు. వాకిట పెట్టిన ముగ్గుమీద రెండు దినములు వరుసగా పచ్చని చుక్కలు కానవచ్చినవి. ఏ.సీ. నుండి జారు నీరు తేటగా నుండును, వాసన యుండదు. ఈ చుక్కలు జిడ్డుగా నుండి తియ్యని వాసన గొట్టినవి.

మాది మారుతీ 800. 1983లో తొలుత వెలువడి 2014లో తయారు నిలిచిపోయిన రకము. అందును మేము కొన్నది పాతబండి. షికార్ల కొరకు కొన్నది కాదు. మా మామగారికి మూత్రపిండములు చెడినవి. వారమునకు రెండుమార్లు, 30 కిలోమీటర్ల దూరమున నున్న పట్టణమునకు డయాలిసిస్ కొరకు కొనిపోవలయును. చుక్కలు కనబడినది శుక్రవారము. మరల పోవలసినది సోమవారము. పలనాటి వైశాఖపుటెండలో బండి నడిదారిని నిలిచినచో ఆ దినపు వంతు తప్పును. వంతు తప్పుట యననేమో అట్టి రోగి యున్న యిండ్లవారెరుగుదురు.

మా యూరి మెకానిక్కు పెండ్లికి పోయి యుండెను. మంగళవారము గాని రాడు. పట్టణపు షెడ్డువారు చెప్పిన కూలి సామాను వెలకు సమానముగా నుండెను. ఎదురింటి లారీ డ్రైవరు మాత్రము, “పిడికెడు పసుపు పొయ్యండమ్మా, చిల్లు అదే పూడుకుంటుంది” అనెను. పసుపు గుణములు మాకు తెలియనివి కావు. దారిలో నిలిచిన లారీని ఊరు చేర్చుట కది పనికివచ్చునేమో గాని, చిల్లును పూడ్చు పొడి సన్నని గొట్టములను మాత్రము విడుచునా? నిదానముగా చూడగా రబ్బరు గొట్టములు బాగుగనే యున్నవి. రేడియేటరు అడుగు అతుకు వెంబడి పచ్చని పెచ్చు కట్టి యున్నది. మార్చవలసినదే.

ఇంటిలోనే మార్తుమని మేమనగా పొరుగింటి పిన్నిగారు ముక్కున వ్రేలిడుకొనిరి. మోటారుబండి తొలి దూరప్రయాణము చేసినది స్త్రీయే యని ఆమెకు చెప్పితిమి. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను నామె, భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల బండిని ఆయనకు చెప్పకయే, కుమారులనిద్దరిని వెంటగొని, మాన్‌హైమ్ నుండి ఫోర్‌ట్స్‌హైమ్‌లోని తన తల్లి యింటికి తోలుకొనిపోయెను. నూరు కిలోమీటర్లకు పై ప్రయాణము. ఆ యంత్రము చల్లబడుటకు నీరు ఆవిరియై పోవుచుండెడిది. దారి పొడవున నీరు తెచ్చి పోయవలసివచ్చెను. ఇంధనపు గొట్టమున అడ్డు చేరగా ఆమె తన టోపీసూదితో పొడిచి తీసెను. అంతదూరమేల? సైంధవుని వెదకుచు పోవు నాడు, యుద్ధమధ్యమున పార్థుడు బాణముతో కొలను గల్పింపగా, శ్రీకృష్ణుడు గుఱ్ఱములను విప్పి, వాని మేని బాణములు పెరికి, నీరు త్రాపెనని ద్రోణపర్వమున లేదా? రథమునకు దప్పి తీర్చుట ఎవరికిని చిన్నతనము కాదు. పిన్నిగారు దీనికి బదులు చెప్పలేదు. మజ్జిగ మాత్రము పంపిరి.

శనివారము మా యింటివారు బడి వదలగానే పట్టణము బస్సులో పోయి క్రొత్త రేడియేటరు తెచ్చిరి. పాతదాని కొలతలును, గొట్టములు తగులు చోట్లును కాగితముపై గీచి యిచ్చి పంపితిమి. పని ఆదివారము ఉదయమున, రాత్రియంతయు చల్లారిన బండికి. సోదరీమణు లొక్కటి తప్పక గుర్తుంచుకొనవలయును: రేడియేటరు మూత ప్రెషర్ కుక్కరు మూత వంటిది. మా బండి మూతపై 0.9 అని యున్నది. ఆ ఒత్తిడిలో నీరు సుమారు 118 డిగ్రీల దాక మరుగక యుండును. వేడిమీద మూత తిప్పినచో అదంతయు ఒక్కసారి మరిగి ముఖమున చిమ్మును. కుక్కరుకైనను ఈల కలదు, దీనికి లేదు.

మొదట బ్యాటరీ ఋణపు తీగ విప్పితిమి. విద్యుత్తు పంకా తనంతట తిరుగవచ్చును. పిదప అడుగు మర విప్పి, పాత నీటిని బేసినులోనికి దింపి, చెంబుతో కొలచితిమి. ఎంత దిగినదో తెలిసిన ఎంత పోయవలయునో కొంత తెలియును. ఆ పచ్చని నీరు తియ్యగా నుండు విషము. పిల్లులు, కుక్కలు, పసిపిల్లలు నోట పెట్టుదురు; కొంచెమే ప్రాణాపాయము. వెంటనే డబ్బాలో పోసి మూతబెట్టి, “విషము” అని వ్రాసి, షెడ్డువారి కప్పగింప వేరుగా నుంచితిమి. కాలువలో పారబోయరాదు.

గట్టిపడిన రబ్బరు గొట్టములను లాగక, మెల్లగా త్రిప్పి ఊడదీసితిమి. పంకాను విప్పి క్రొత్తదానికి బిగించితిమి. క్రొత్తదాని రేకులు అప్పడము వంటివి, వ్రేలు తగిలిన వంగును. కావున అట్టముక్క అడ్డుపెట్టి దింపితిమి. ఒక బోల్టు తుప్పుపట్టి గంటన్నర ప్రాణము తీసినది. మా యింటివారు వ్యాకరణము చెప్పునపుడైనను అంత ఓర్పు చూపియుండరు.

ఇక నీరు. మా బోరునీరు కాగులో నెలతిరుగకుండ తెల్లని గార కట్టును. ఆ నీటినే సన్నని గొట్టములలో పోసిన నేమగునో వంటయింటివారికి వేరుగ చెప్పవలెనా? ఇన్వర్టరునకు తెచ్చిన బట్టినీటిని కూలెంటుతో సరిపాళ్ల గలిపి, మూత తీసియుంచి, సన్నధారగా పోసితిమి. యంత్రము నడువ బుడగలు వచ్చి మట్టము దిగుచుండెను, మరల పోసితిమి.

వైద్యులు మా మామగారికి దినమునకు లీటరు నీరే విధించిరి. ఆ గ్లాసులు కొలచి యిచ్చుట మా పని. అరుగుమీది మంచమున గూర్చుండి ఆయన ఇదంతయు చూచుచు, “నాకు కొలిచి పోస్తావు, దానికి గొంతుదాకా పోస్తున్నావేమమ్మా!” అనిరి. నవ్వుచునే యనిరి. మాకు చేయి ఒక క్షణ మాగినది. “దాని తరువాత మీకే మామయ్యగారూ, పదకొండు గంటల గ్లాసు” అంటిమి.

పంకా తిరిగి ఆగిన పిమ్మట మూత బిగించితిమి. సోమవారము తెల్లవారుజామున బయలుదేరితిమి. పోవునపుడును, మధ్యాహ్నపుటెండలో తిరిగి వచ్చునపుడును వేడిమి ముల్లు సగము దాటలేదు. మామగారు వెనుక సీటున నిద్రపోయిరి.

పాత రేడియేటరును బుధవారము పాతసామానులవాడు తూచెను. అంతయు ఇత్తడి వెలకే కట్టజూచిన వానితో మామగారు మంచముమీద నుండియే అరగంట బేరమాడి, నడిమి భాగమునకు రాగి వెల రాబట్టిరి.