మా అమ్మాయి బడిలో జెండా పండుగ

పిల్లల బడి నుంచి వచ్చిన కాగితాన్ని చదవలేక, మడిచి జేబులో పెట్టుకున్న అనుభవం మీకుందా? నాకుంది.

మాది కరీంనగర్ జిల్లా. తాత చేనేత కార్మికుడు. నేను ఐదో తరగతితో బడి మాని సూరత్ వచ్చాను. కతర్‌గామ్‌లో ఉంటూ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాను. విద్యాహక్కు చట్టం (2009) కింద మా అమ్మాయికి ఒక ప్రైవేటు బడిలో ఉచితంగా సీటు వచ్చింది. ఆ బడి పేరులో 'ఇంటర్నేషనల్' అని ఉంది. విదేశీ పిల్లలెవరూ లేరు లెండి! వజ్రాలు సానపట్టేవారి పిల్లలు, ఒడియా, మరాఠీ పిల్లలు, మావాళ్ళు.

2022 ఆగస్టు 15న రాత్రి షిఫ్టు దిగి తిన్నగా బడికి వెళ్ళాను. చొక్కా నిండా దారపు పోగులు. అందుకే అందరికంటే వెనక నిలబడ్డాను.

కింద కట్టిన జెండాను తాడుతో పైకి లాగి ఎగురవేశారు. జనవరి 26న అలా కాదు. జెండా ముందే స్తంభం పైన కట్టి ఉంటుంది, ముడి విప్పుతారు. ఈ తేడాను మీరు గమనించారా?

తరువాత మైకులో మా అమ్మాయి పేరు పిలిచారు. అమ్మాయి ఒక్కతే వేదిక ఎక్కి, నా కోసం కళ్ళతో వెతుకుతోంది. పక్కనున్నాయన చెప్పాడు: తల్లో తండ్రో పిల్లతో వచ్చి తమ రాష్ట్రం గురించి రెండు మాటలు చెప్పాలట. కాగితంలో రాసి ఉన్నది అదే! రెండో తరగతి పిల్లను చదివి పెట్టమనడానికి నాకు సిగ్గేసింది మరి.

వెళ్ళాను. కాళ్ళు వణికాయి. వచ్చీరాని హిందీలో, 1921లో బెజవాడలో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన పింగళి వెంకయ్య మా తెలుగువాడే అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు. నాకు తెలిసింది గుడ్డ ఒక్కటే. జాతీయ జెండాకు చేత్తో వడికి, చేత్తో నేసిన గుడ్డే వాడాలన్న నియమం ఉండేది. 2021 డిసెంబరు 30 నాటి సవరణతో మరమగ్గం గుడ్డ, పాలిస్టరు కూడా చెల్లుతున్నాయి. 2022లో సూరత్‌కు జెండా గుడ్డ ఆర్డర్లు బాగా వచ్చాయి. మా తాత ఉంటే ఈ మార్పుకు ఒప్పుకునేవాడు కాదు. కాని నాకు పని దొరికింది. ఆ మాటే చెప్పి దిగాను.

దారిలో అమ్మాయి అడిగింది, "నాన్నా, ఆ జెండా నువ్వే నేశావా?" మేము తెల్లగుడ్డ నేస్తాం, రంగులు వేరేచోట అద్దుతారు, అది ఎక్కడికి పోతుందో నాకు తెలియదమ్మా అన్నాను.

ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. మొదటి రెండు వరుసలు ఇప్పుడు కూడబలుక్కుని చదవగలుగుతున్నాను.