ముందు మెయిన్ తీసెయ్!

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు కుటుంబాలు బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉన్నాయి. అలాంటి ఇంట్లో పెరిగిన ఒకాయన రైళ్లను నడిపే 25,000 వోల్టుల తీగల పనిలో ముప్పై ఏళ్లు గడిపి రిటైరయ్యారు. తమ్ముడు మాత్రం శ్రీకాకుళం తీరంలోని సొంతూళ్లో పడవనే నమ్ముకున్నాడు.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. నాలుగో రోజు ఫోన్ కలిసింది. వేట కోసం దాచిన డీజిల్‌ను వడకట్టి, అద్దె జనరేటర్‌లో పోసి, ఇల్లంతా వెలిగించానని తమ్ముడు గర్వంగా చెప్పాడు. అన్నయ్య మెచ్చుకోలేదు.

"మెయిన్ తీసీసావేట్రా?"

తియ్యలేదు. జనరేటర్ వైరును నేరుగా గోడ ప్లగ్గుకే కలిపేశాడు.

అలా కలిపితే ఇంట్లోని 230 వోల్టులు సర్వీసు తీగ మీదుగా వెనక్కి పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ దాటితే అవే 11,000 వోల్టులవుతాయి. కరెంటు లేదనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్‌కు ఆ సంగతి తెలిసే దారి లేదు. అందుకే రైల్వేలో సప్లై ఆపామని పర్మిట్ చేతికొచ్చినా, పనిచోటుకు రెండువైపులా ఎర్త్ రాడ్లు తగిలించనిదే తీగ ముట్టరు. ఇంటికి ఛేంజోవర్ స్విచ్చయినా ఉండాలి, లేదంటే ఫ్రిజ్జూ ఫోన్లూ నేరుగా జనరేటర్‌కే తగిలించాలి. వాసన లేకుండా ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ పొగలో ఉంటుంది కనుక మిషన్ కిటికీలకు దూరంగా, ఆరుబయటే నడవాలి.

తమ్ముడు వెంటనే జనరేటర్ ఆపి, వైరు పీకేశాడు.

మర్నాడు ఆ ఇంటి ముందు స్తంభమెక్కింది వేరే జిల్లా నుంచి పనికొచ్చిన కుర్రాడు. దిగాక తమ్ముడు అతన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ఎందుకంత మర్యాదో చెప్పలేదు.